చెవి కొసన కత్తిరింపు

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఋషికుల్య నది నీటిమట్టం కొలిచాను. వరద ఎంత వచ్చిందో ఒడ్డున ఉన్నవాళ్లు తలొక మాట చెప్పేవారు. అందరి మాటా వినేవాణ్ణి. నమోదు చేసేది మాత్రం కొలబద్ద మీద కనిపించిన అంకెనే. మా బరంపురం వీధిలో జరిగిన ఈ సంగతి కూడా నేను చూసినంత మేరకే రాస్తున్నాను.

నా చెల్లెలు భర్త పోయిన తరువాత నా దగ్గరే ఉంటోంది. హుమ్మలో టీచరుగా ఉన్న రోజుల్లో ఉప్పుమడుల గట్టు మీద దొరికిన ఆడకుక్క పిల్లను తెచ్చుకుని పదకొండేళ్లు పెంచింది. చివరి రెండేళ్లు దానికి ఎడమకన్ను కనిపించేది కాదు. గోడనానుకొని నడిచేది.

మా ఎదుట సిమెంటు, ఇనుము అమ్మే వర్తకుడి గోదాము ఉంది. ఆయనా తెలుగువాడే. పురుషోత్తంపూర్ సంత నుంచి ఒక నల్లకుక్క పిల్లను గోనెసంచిలో తెచ్చి గోదాముకు కాపలా పెట్టుకున్నాడు. రాత్రి గొలుసుతో కట్టేవాడు, తెల్లవారగానే విప్పి వీధిలోకి వదిలేవాడు. నల్లకుక్క కావడంతో శనివారం నాడు వీధిలో సగం ఇళ్లవాళ్లు శనిదోషం పోవాలని నువ్వులనూనె రాసిన రొట్టె దానికి పెట్టేవారు. ఇందులో తెలుగిళ్లకూ ఒడియా ఇళ్లకూ తేడా లేదు. పురోహితుడు చెప్పాడని నా చెల్లెలూ పెట్టేది. నాకు నమ్మకం లేదు. అడ్డు చెప్పనూ లేదు.

అది శనివారం, ఉదయం ఆరున్నర. చెల్లెలు రొట్టె పట్టుకుని గేటు తెరిచింది. ఆమె వెనకాలే ముసలికుక్క కూడా వచ్చింది. నల్లకుక్క ఎడమవైపు నుంచి వచ్చింది కనుక మా కుక్కకు కనబడలేదు. అరుపు విని నేను చేతికర్రతో పరుగెత్తేసరికి దాని మెడ నల్లకుక్క నోట్లో ఉంది. ఎంత కొట్టినా వదలలేదు. వర్తకుడు గోదాము అరుగు మీద పళ్లు తోముకుంటున్నాడు. నేను కేక వేసిన తరువాత, నోట్లో నురుగు ఉమ్మి, పేరు పెట్టి ఒక్కసారి పిలిచాడు. వెంటనే వదిలి ఆయన దగ్గరికి పోయింది. మా కుక్క సోమవారం చనిపోయింది.

చెల్లెల్ని వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్లాను. పోలీసు అధికారి ఒడియా వ్యక్తి, మర్యాదస్థుడు. పుస్తకం తెరిచి చూపించాడు. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యానికి రెండువందల తొంభై ఒకటో సెక్షను ఉంది గాని, అది మనిషికి కలిగే ప్రమాదాన్ని గురించి చెబుతుంది. కుక్కను కుక్క చంపితే చట్టం దృష్టిలో అది ఆస్తి నష్టం. సివిల్ కోర్టుకు వెళ్లాలి. ఏ కోర్టుకు వెళ్లినా ముందు ఆ కుక్క యజమాని ఎవరో తేలాలన్నాడు. వర్తకుణ్ణి పిలిపించాడు.

"కుక్క నాదని ఎవులన్నారు బాబూ? నా అరుగు మీద పడుకుంటాది, అంతే," అన్నాడు వర్తకుడు. "శనివారం శనివారం రొట్టె పెట్టింది ఈ అక్కే కదా. తిండి పెట్టినోళ్లందరూ ఓనర్లయితే వీధి వీధంతా ఓనర్లే. నాకొక్కడికేటి శిక్ష?"

బల్ల దగ్గర ఎవరో నవ్వారు. గేటు ఎవరు తెరిచారని అధికారి నా చెల్లెల్ని అడిగాడు. రొట్టె సంగతి ఎత్తవద్దని దారిలో నేనే ఆమెకు చెప్పి ఉన్నాను.

"తెరిసింది నానే," అంది. "రొట్టె పట్టుకొనే తెరిసినాను. కానీ కుక్క ఆయనదే. నాను పిలిస్తే వదల్లేదు, అన్నయ్య కొడితే వదల్లేదు. ఆయన పిలిస్తే వదిలింది."

ఆ పిలుపు విన్నవాళ్లు వీధిలో చాలామందే ఉన్నారు. సాక్ష్యానికి ఎవరూ రాలేదు. శనిదోషానికి రొట్టె పెట్టే కుక్క మీద మాట్లాడితే దోషం తమ ఇంటికే చుట్టుకుంటుందని కొందరు తలుపు దగ్గరే చెప్పారు. రొట్టె పెట్టిన పాపానికి తామూ యజమానుల లెక్కలో పడతామని మిగిలినవాళ్ల భయం. అది వీధికుక్కేనని వర్తకుడు సంతకం చేసి ఇచ్చాడు.

వీధికుక్కే అయితే పట్టుకుపొమ్మని నేను మునిసిపాలిటీకి వెళ్లాను. చెల్లెలికి అది నచ్చలేదు.

"కుక్క ఎల్లిపోతే నాకేటొస్తది అన్నయ్యా? నాదే అని ఆయన నోట రావాల."

మునిసిపాలిటీ వ్యాను వచ్చిన రోజు వర్తకుడు ఇనుపకడ్డీలు తూయిస్తున్నాడు. వల వేశాక, ఇది ఎవరైనా పెంచుకునే కుక్కా అని వ్యానులో వచ్చిన పనివాడు ఒడియాలో గట్టిగా అడిగాడు. వలలోంచి కుక్క వర్తకుడి వైపే చూస్తోంది. గేటు దగ్గర నిలబడి చెల్లెలూ ఆయన వైపే చూస్తోంది. ఆయన కాటా మీద నుంచి తల ఎత్తలేదు.

కొన్నాళ్లకు అదే వ్యాను దాన్ని తెచ్చి అదే చోట దింపింది. వీధికుక్కకు ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని నియమం. గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంది. ఆ సాయంత్రం వర్తకుడు అరుగు మీదికి వచ్చి పేరు పెట్టి పిలిచాడు. కుక్క లోపలికి వెళ్లింది. గొలుసు చప్పుడు మా వరండాలోకి వినిపించింది.

"ఆ సెవి సూపిస్తే కోర్టులో ఎవరిదంటారు?" అని చెల్లెలు అడిగింది.

ఎవరిదీ కాదంటారని చెప్పాను.

తరువాతి శనివారం వీధిలో ఎప్పటిలాగే రొట్టెలు పెట్టారు. నాలుగిళ్లలో తిని, నల్లకుక్క మా గేటు ముందుకు వచ్చి నిలబడింది. గేటు లోపల నిలబడ్డ చెల్లెలు తాళం తీయలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు. ఎదుట అరుగు మీద వర్తకుడు పళ్లు తోముకుంటూ మమ్మల్ని చూస్తున్నాడు. మేము ఎదురుగా నిలబడి వింటున్నాం కనుక ఆయన దాన్ని పేరు పెట్టి పిలవలేదు.