ఎడారత్త నల్లగుడ్డ

ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ ఎడారత్త అనేవారు. వెనకాల కాదు, ముఖానే. బోరాన్ ట్రైబ్రోమైడ్ తయారుచేసే గది ఆవిడది. ఆ గదిలోకి నీటిచుక్కకు ప్రవేశం లేదు. దాహమేస్తే వరండాలోకి పోవాల్సిందే. వాన రోజున గొడుగు, దానికింద కోటు, చంకలో పొడిబట్టల సంచి. ఇంట్లోనూ ఇదే వరస. కంచం తుడవకుండా ముందు పెడితే, "ఇందులో తిననా, ఈత కొట్టనా?" అనేది.

కొత్తగా కాపరానికొచ్చిన కోడలికి ఒళ్లు మండేది. అత్త కిందే ఆ గదిలో పనికి చేరాక గానీ అది చాదస్తం కాదని బోధపడలేదు.

ఆ ద్రవం చూడ్డానికి అచ్చం నీళ్లే. సీసా ఎత్తితే మాత్రం చెయ్యి కిందికి లాగేస్తుంది, అంత బరువు. నీళ్లకూ దానికీ పుట్టువైరం. చుక్క తగిలితే బుస్సున లేచి, ఊపిరితిత్తుల్ని కాల్చే పొగ కక్కి, చివరికి క్యారమ్ బోర్డు మీద చల్లే తెల్లపొడిగా మిగులుతుంది. గాలిలోని చెమ్మ చాలు, పొగలు చిమ్ముతుంది. అయినా మందుల కంపెనీలకు అది కావాలి. మందు అణువుకు అంటుకున్న మొండితోకల్ని కత్తిరించడంలో దానిది అందెవేసిన చెయ్యి.

తయారీ చెప్పుకోడానికి తేలికే. కొలిమి గొట్టంలో కాగుతున్న బోరాన్ కార్బైడ్ పొడి మీదుగా బ్రోమిన్ ఆవిరి పంపాలి. దిగిన ద్రవంలో మిగులు బ్రోమిన్ ఎర్రగా కనిపిస్తుంది. పాదరసంతో కలిపి ఊపితే ఆ ఎరుపు విరుగుతుంది. ఆపైన మరిగించి, ఆవిరిని చల్లార్చి, పొడి సీసాలోకి పట్టాలి.

ఎడారత్త పేరు మోగింది ఈ ఆఖరి పనిలోనే. ముందు సీసాలోకి ఒక్క బొట్టు వదిలేది. భుజాన ఎప్పుడూ ఉండే నల్లగుడ్డను సీసా వెనక పట్టి, కళ్లు చికిలించి చూసేది. తెల్లటి పొగ దారమంత కనబడినా సీసా వెనక్కే. ఎవరు బతిమాలినా, ఎవరు అరిచినా అంతే.

ఆ వారంతో ఆవిడ ఉద్యోగం అయిపోతుంది. గది ఎవరికివ్వాలో ఆవిడ మాట మీదే తేలుతుంది. కోడలికి ఆ గదంటే ప్రాణం.

"నా కోడలివని సిఫారసు చెయ్యనే," అంది అత్త పొద్దున్నే. "ఇవాళ గుడ్డ నువ్వు పట్టు."

బయట కుండపోత. కోడలు సీసాను ఓవెన్‌లో కాల్చి బల్లమీద పెట్టింది. ఇంతలో గది గాలిని బయటికి లాగే పంపు మొరాయిస్తే అటు పరుగెత్తింది. తిరిగొచ్చి సీసా బిగించి, బొట్టు వదిలి, నల్లగుడ్డ పట్టింది.

సన్నటి తెల్లదారం.

పంపు దగ్గరికి పరుగెత్తే తొందరలో సీసాకు మూత పెట్టడం మర్చిపోయింది! చల్లారే గాజు గాలి పీలుస్తుంది. ఆ సీసా వానగాలిని కడుపారా తాగేసింది.

సరిగ్గా అప్పుడే మేనేజరు తలుపులో నిలబడ్డాడు. "ఏమ్మా, ఇంకా కాలేదా? గేటు దగ్గర వ్యానువాడు నా ప్రాణం తోడేస్తున్నాడు."

"పొగ కనిపించింది సార్."

"ఏదీ? నాకేం కనబడలేదే. అంత సన్నదానికేమవుతుందిలే. అత్తగారూ, మీరైనా చెప్పండి."

ఎడారత్త కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. "గుడ్డ నా చేతిలో లేదు బాబూ."

ఊఁ అంటే చాలు, పని నడిచిపోతుంది. తప్పు ఎవరికీ తెలియదు. కోడలు నల్లగుడ్డ కిందికి దించింది.

"మూత లేకుండా చల్లార్చాను సార్. తప్పు నాదే. ఇందులో సరుకు నింపితే లోపల పొగ పెరిగి, దారిలోనే మూత లేస్తుంది. సీసా మళ్లీ కాల్చాలి. వ్యాను రేపు రమ్మనండి."

"రేపా!" మేనేజరు తల పట్టుకున్నాడు. సీసా వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. "సరే, తిట్లు తినేది నేనేగా," అని గొణుక్కుంటూ ఫోను దగ్గరికి పోయాడు.

కోడలు గుడ్డ మడిచి అత్తకివ్వబోయింది. కళ్లెత్తే ధైర్యం లేదు. ఎడారత్త తీసుకోలేదు. గొడుగు, కోటు, పొడిబట్టల సంచి అన్నీ బల్లమీదే వదిలేసి మెట్లు దిగింది. సరాసరి వానలోకి.

"అత్తయ్యా! తడిసి ముద్దయిపోతారు!"

జుట్టు ముడి విప్పుకుని, ముఖం పైకెత్తి, ఆవిడ హాయిగా నవ్వింది.

"తడవనీవే. ఇక నా తడితో నీ గదికేం పని?"