ఒక్క గోల్ కోసం ప్రార్థన

ముందు నిశ్చయంగా తెలిసినవి చెబుతాను. ఖతార్ మహిళల ఐస్ హాకీ లీగ్‌లో ఆ సీజనంతా మా జట్టుది చివరి స్థానమే. ఆటలన్నీ దోహాలో ఒక మాల్ లోపలి మంచు మైదానం మీదే జరిగాయి. జాలిపడి మాకు లీగ్‌లో చోటిచ్చారన్నది మాత్రం విన్న మాట. మొదట అన్నదెవరో ఎంత విచారించినా తేలలేదు.

దోహాలోని ఐన్ ఖాలిద్ పేటలో మా పై వాటాలో ఉండే అక్కే నన్ను ఈ ఆటలోకి లాగింది. ఆమెది కోనసీమ, ఆసుపత్రిలో నర్సు. నేను నీటిని పరీక్షించే ల్యాబ్‌లో కెమిస్టును. సీజనంతా ఆమె ఒక్క గోలైనా వేయలేదు. చివరి ఆట ఉన్న శుక్రవారం ఉదయం, ఇక్కడ సెలవు ఆ రోజే కనుక అప్పుడే జరిగే మా తెలుగు చర్చి ఆరాధనలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు, ఒకరి ఆపరేషనుకూ మరొకరి వీసాకూ మధ్య లేచి, "నాకు ఒక్క గోల్ కావాలండీ" అంది. పాస్టరుగారు నవ్వాపుకొని దానికీ ప్రార్థించారు. విన్నపం నెరవేరినవారు మరుసటి వారం లేచి సాక్ష్యం చెప్పడం అక్కడి ఆనవాయితీ.

"పడకపోతేనో?" అన్నాను కారులో.

"నీ నోట మంచి మాట రాదేంటే! బిళ్ల నా వైపు తొయ్యి, చాలు."

ఆట ముగియబోతుండగా ఈ ఆటలో బంతికి బదులు వాడే ఆ నల్ల రబ్బరు బిళ్లను గోల్ వైపు బలంగా కొట్టి, ఆ ఊపుకే జారిపడ్డాను. తలెత్తేసరికి అది లోపల ఉంది. గోల్ ముందున్న అక్కకు తగిలి వెళ్లి ఉంటే గోల్ ఆమెది, లేకపోతే నాది, నియమం అంతే. రెఫరీ అడిగితే నేను ఆమెను చూపించాను, ఆమె నన్ను చూపించింది. ఆయన విసిగి "యల్లా, యల్లా" అని అరబీలో తొందరపెడుతూ నా పేరే రాసుకున్నాడు. ఆ ఆటా ఓడిపోయాం గానీ అది ఎవరికీ గుర్తు లేదు.

"తగిలిందా అక్కా?"

"ఒంటినిండా ఇన్ని మెత్తలు కట్టుకుంటే ఏనుగు తగిలినా తెలుస్తుందేంటి?"

మా ఆయన తీసిన వీడియో చూశాం. సరిగ్గా ఆ క్షణంలో ఆయన గంతేశారు, కనిపించింది పైకప్పు.

"లైట్లు బాగా పడ్డాయి మరిదిగారూ" అంది అక్క.

అక్క అబద్ధపు సాక్ష్యం చెప్పలేదు, చెప్పకుండా కూర్చోనూ లేదు. మరుసటి శుక్రవారం లేచి, "గోల్ పడిందండీ. నాదో, మా చెల్లిదో తెలీదు. తెలిసింది మాత్రం ఇంతే" అంది. హాలంతా నవ్వుతూనే "ఆమెన్" అంది. నా ల్యాబ్ నివేదికలోనైనా ఇంతకుమించి రాసేదాన్ని కాదు.

బిళ్ల ఆమెను తాకిందా? నేటికీ తెలియదు. చూసి ఉండగలిగింది ప్రత్యర్థి గోల్‌కీపరు ఒక్కతే. నేను అడగబోయేసరికి ఆమె కంపెనీ ఆమెను వేరే దేశానికి బదిలీ చేసేసింది.