ఊపిరి మడుగు

ఒట్టు వెయ్యమంటే మాత్రం వెయ్యను. మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. ఒట్లు పెట్టుకునే అలవాటు మా అమ్మ చిన్నప్పుడే మాన్పించింది. కానీ ఇది జరిగింది... నాకే జరిగింది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది, ఆపేసి లేచి వెళ్ళిపోతాను.

నేను నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను. పాము పాలు తాగదు, పగ పట్టదు, నాగస్వరం వినదు అని ఏటా పిల్లలకి చెప్పేదాన్ని నేనే. కాబట్టి ఈ మాటలు నా నోట వినడం మీకెంత వింతగా ఉందో, చెప్పడం నాకూ అంతే వింతగా ఉంది.

మా ఊరు మునేరు ఒడ్డున. రాత్రిపూట ఏటి మధ్యలో నిలబడితే దూరంగా కీసర బ్రిడ్జి మీద లారీల లైట్లు వరసగా కదులుతూ కనబడతాయి. మా ఆయన యాకోబు ఆ ఒడ్డునే కౌలుకి భూమి తీసుకుని మిరప వేశాడు. ఆ ఏడు వానలు మొండిచెయ్యి చూపించాయి. సంక్రాంతి దాటేసరికి ఏరు మొత్తం ఇసుక. తోటలో మాత్రం రెండో కాపు పూత మీద ఉంది. ఇంకొక్క తడి ఇస్తే నిలుస్తుంది, లేకపోతే పూతంతా రాలిపోతుంది. భూమి గలాయన బెజవాడ నుంచి ఫోన్ చేసి, ఈసారి కూడా పంట పోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని మొహమాటం లేకుండా చెప్పేశాడు. భూమి లేని రోజుల్లో పరాయి చేలో కూలికి వెళ్ళొచ్చి, అన్నం ముందు కూర్చుని, తినకుండా కంచం వంక చూసే మా ఆయన ముఖం నాకు తెలుసు. ఆ ముఖం మళ్ళీ చూడటం నా వల్ల కాదు. నా భయమంతా అదొక్కటే.

ఏరంతా ఎండినా ఒక్కచోట మాత్రం నీళ్ళుంటాయి. మలుపులో రెండు పెద్ద బండల మధ్య ఒక మడుగు. లోతెంతో ఎవరూ చూడలేదు. అడుగు నుంచి అప్పుడప్పుడూ బుడగలు వస్తాయి... ఒకటి, ఆగి ఇంకొకటి. అందుకే దాన్ని ఊపిరి మడుగు అంటారు. బండ మీద, నీళ్ళకి కాస్త పైన, అడ్డంగా ఒక తెల్ల చార ఉంది. కరువొచ్చినప్పుడు ఒడ్డు రైతులు వంతులు వేసుకుని ఆయిల్ ఇంజన్లతో ఆ నీళ్ళు తోడుకుంటారు. ఎవరి వంతైనా సరే, నీళ్ళు ఆ తెల్ల గీతకి దిగగానే ఇంజను ఆపెయ్యాలి. మిగిలిన నీళ్ళు మనవి కావు. మళ్ళీ ఊట ఊరి గీత దాటాక పక్కవాళ్ళ వంతు. ఇది రాసిపెట్టిన రూలేం కాదు, కానీ నాకు తెలిసి ఎవరూ తప్పలేదు.

మా వంతు రాత్రికి పడింది. మా ముందు వంతు పక్క చేను నాంచారమ్మ గారిది. మనిషి చూడ్డానికి పుల్లలా ఉంటుంది, గొంతు మాత్రం ఏటి అవతలికి వినిపిస్తుంది. సాయంత్రం గొట్టాలు విప్పుతూ నాతో అంది.

"టీచరమ్మా, చీకట్లో గీత కనపళ్ళేదని చెప్పి కిందకంటా లాగేరు. అట్టా చెయ్యమాకండి. దానిక్కూడా ఊపిరాడాలి గదా."

"దేనికి బామ్మగారూ?" అన్నాను, నవ్వు ఆపుకుంటూ.

"పొద్దు గూకినాక పేరెత్తకూడదమ్మా" అంది. మళ్ళీ తనే ఆగలేక చెప్పింది. "మా అత్త చెప్పేది. పూర్వం మునేరు పొంగినప్పుడు పైనుంచి కొట్టుకొచ్చిందంట. తల ఇక్కడుంటే తోక నందిగామ కాడ. మీసాలు, జూలు... ఏనుగంత తల. గొడ్లనీ గోదనీ మింగేదంట. ఒక ఏడు ఏరెండిపోయి, ఇసకలో పడి రొప్పతా ఉందంట. మగోళ్ళేమో బరిసెలు తీసుకొచ్చారు. ఆడోళ్ళేమో ఆ రొప్పు చూళ్ళేక కడవల్తో నీళ్ళు మోసి పోశారు. అప్పట్నుంచీ మనిషిని ముట్టుకోలా. ఆ మడుగులో పడుకోనుంటది."

మా ఆయన గొట్టం బిగిస్తూ తల ఎత్తలేదు. "అంటే మా పాస్టర్ గారు చెప్పే ఘటసర్పమే అన్నమాట. అది దేవుడి శత్రువు బామ్మా. దానికి మేమెందుకు నీళ్ళు మిగల్చాలి?" అన్నాడు.

"నీ శత్రువో, నీ దేవుడి శత్రువో, దాహం దాహమే గదా నాయనా" అని ఆవిడ కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

రాత్రి అన్నాలు తిని వచ్చాం. పున్నమి వెళ్ళి రెండు మూడు రోజులైంది, చంద్రుడు ఆలస్యంగా లేచాడు. మా ఆయన పార తీసుకుని తోటలోకి వెళ్ళాడు, మడవలు తిప్పి సాళ్ళకి నీళ్ళు మళ్ళించడానికి. నేను మడుగు దగ్గర ఇంజనుకి కాపలా. పక్కన టార్చి, ఒళ్ళో ఫోను. తోట గట్టు మీద, చాలా ఎత్తులో ఉంటుంది. మడుగు నుంచి గొట్టం ఇసుక మీదుగా, తుమ్మచెట్ల పక్కగా గట్టెక్కి పోతుంది.

డుగ్... డుగ్... డుగ్... ఇంజను ఒకటే మోత. దాని వేడి ఒక పక్క, ఇసుక చల్లదనం ఒక పక్క. కాసేపటికి ఆ మోత కూడా వినబడటం మానేసింది. నిద్ర కాదు... నిద్రలాంటిది. వెన్నెల్లో ఏరంతా తెల్లగా, బండలు నల్లగా. మధ్యమధ్యలో టార్చి వేసి గీత చూస్తున్నాను. నీళ్ళు మెల్లగా దిగుతున్నాయి. గీతకి జానెడు... బెత్తెడు... తాకాయి.

ఫోన్ చేశాను. "ఏమండీ, గీతకొచ్చింది. ఆపేస్తున్నా."

"ఆపమాకే! ఇంకా చివరి మడి సాళ్ళున్నాయి. అదే బాగా వాడిపోయింది. ఇంకాసేపు తోలు."

"నాంచారమ్మ గారు..."

"ఆమె మాటలు పట్టుకుని నా తోట ఎండబెడతావా ఏంటి? నువ్వు సైన్సు టీచరువేగా?"

నా మాటే నాకు అప్పజెప్పాడు. ఫోన్ పెట్టేశాను. ఇంజను ఆపలేదు. నీళ్ళు గీత దాటి దిగాయి. గీత కింద బండ నున్నగా ఉంది... ఏదో చాలాకాలంగా దాన్ని రాసుకుంటూ తిరిగినట్టు. అది చూసి టార్చి ఆర్పేశాను. ఎందుకు ఆర్పానో తెలియదు.

ముందు వాసన వచ్చింది.

కొత్త బియ్యం ఉడికే వాసన. కమ్మగా, వెచ్చగా. ఏటి మధ్యలో, అర్ధరాత్రి... ఎవరు వండుతారు? చుట్టూ చూశాను. ఎవరూ లేరు. అవతల ఇసుక దిబ్బ పొడుగ్గా పడుకుని ఉంది. దాని వెనక కీసర లైట్లు.

చాలాసేపు ఆ దిబ్బ వంకే చూశాను. చూడ్డానికి హాయిగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది... సాయంత్రం అక్కడ దిబ్బ లేదు.

లేచి పరిగెత్తాలి కదా? నాకా ఆలోచనే రాలేదు. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. దిబ్బ మెల్లగా లేచింది... మెల్లగా దిగింది. మళ్ళీ లేచింది. అది లేచినప్పుడు వెనక లైట్లు కనబడటం లేదు. దిగినప్పుడు కనబడుతున్నాయి. లేచింది... లైట్లు లేవు. దిగింది... లైట్లు. దాని మీద వెన్నెల తడి గులకరాళ్ళ మీద మెరిసినట్టు మెరుస్తోంది. కదులుతోంది. నాకూ ఇంజనుకీ పక్కనుంచి, మడుగు వైపు. పోతూనే ఉంది... పోతూనే ఉంది. ఎంతసేపని చెప్పను? నాకైతే ఒక రాత్రంతా పోయినట్టే ఉంది. ఇసుక మీద మెత్తటి శబ్దం... సర్... ర్... ర్... బియ్యం చేటలో పక్కకి జారినట్టు. ఇంజను తిరుగుతూనే ఉంది, దాని మోత మాత్రం ఎక్కడో దూరం నుంచి వస్తోంది.

తల చూశారా అని అడుగుతారు. చూళ్ళేదు. బండల నీడలో ఏదో బరువుగా నీళ్ళ మీదికి వంగింది, అంతే. తర్వాత విన్నాను. లోపలికి పీల్చుకోవడం... అది సగంలో ఆగిపోవడం... మళ్ళీ పీల్చుకోవడం. సన్నటి ఈల. గొరగొర.

ఆ శబ్దం నాకు తెలుసు. మా అమ్మది ఆయాసం జబ్బు. ఆఖరి చలికాలం రాత్రుళ్ళు మంచం మీద కూర్చుని, రెండు చేతులూ పరుపు మీద ఆనించి, ఒక్క ఊపిరి కోసం ఎలా లాగేదో... అదే. అచ్చం అదే. పక్కన కూర్చుని వీపు రాయడం తప్ప నేనేమీ చెయ్యలేకపోయాను అప్పుడు.

నిజం చెబుతున్నాను, నాకు భయం వెయ్యలేదు. జాలేసింది.

ఇంజను ఆపేశాను.

ఆపిన మరుక్షణం తెలివొచ్చింది, ఏం చేశానో. చివరి మడి తడవలేదు. అది ఎండితే తోట దెబ్బతిన్నట్టే. భూమి గలాయన మాట, మా ఆయన కంచం ముందు కూర్చునే తీరు... అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఇంజను హ్యాండిలు పట్టుకుని మళ్ళీ తిప్పబోయాను. తిప్పలేకపోయాను. ఇసుకలో కూలబడి ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ చూస్తే... ఎదురుగా దిబ్బ లేదు. మడుగులో బుడగలు. ఒకటి... ఆగి ఇంకొకటి. నింపాదిగా.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఇంజను మీద చెయ్యేస్తే చల్లబడిపోయింది. అప్పుడు ఫోన్ మోగింది. తిట్లు తినడానికి సిద్ధపడి ఎత్తాను.

"ఇంక ఆపెయ్యే" అన్నాడు మా ఆయన. గొంతులో అలసట, సంతోషం. "చివరి సాలు కూడా తడిసింది. దేవుడి దయ."

"ఆపేశా" అన్నాను.

"ఇప్పుడేనా?"

"చాలాసేపైందండీ. ఆపేసి చాలాసేపైంది."

ఫోన్లో నీళ్ళ చప్పుడు వినబడుతోంది. గొట్టం మూతి నుంచి కాలవలోకి, ధారగా, గలగల.

"సునీతా..." అన్నాడు. నన్ను పేరు పెట్టి పిలవడం తక్కువ. "మరి ఈ నీళ్ళేంటి? నా చేతి మీదే పడతన్నాయి. నిండు గొట్టం వస్తంది. నాతో ఆటలాడమాకు."

"ఇంజను చప్పుడు వినబడుతోందా మీకు?"

విన్నాడు. చాలాసేపు విన్నాడు. అక్కడ ఆయన, ఇక్కడ నేను, మధ్యలో ఆ నీళ్ళ చప్పుడు. తర్వాత పార కింద పడేసిన శబ్దం... పరిగెత్తుకుంటూ వచ్చేశాడు. వచ్చి ముందు ఇంజను మీద చెయ్యి పెట్టాడు. తీసి, మళ్ళీ పెట్టాడు. టార్చి తీసుకుని బండ మీద వేశాడు. తెల్ల గీత కనబడలేదు. నీళ్ళు దాని పైన ఉన్నాయి.

నేను జరిగింది మొత్తం చెప్పాను. ఆయన వెక్కిరిస్తాడనుకున్నాను. వెక్కిరించలేదు. "పోదాం పద" అన్నాడు, అంతే. గొట్టాలు కూడా విప్పలేదు.

పొద్దున్నే నేనొక్కదాన్నే వెళ్ళి చూశాను. ఇసుక చదునుగా ఉంది. జాడ లేదు, చార లేదు. రాత్రి గాలి లేచిందేమో. ఊట ఊరి గీత దాటిందనుకుందాం, ఊట ఊరడం కొత్తేం కాదు. నేను కునుకు తీశాననుకుందాం, కల కన్నాననుకుందాం. కల నాది. మరి తడి? గొట్టంలో మిగిలిపోయిన నీళ్ళు గట్టెక్కి ఒక మడి తడుపుతాయా? ఇంజను ఆగితే గొట్టంలో నీళ్ళు వెనక్కి జారతాయి గానీ ముందుకి పోవు. ఈ లెక్క బోర్డు మీద ఎన్నిసార్లు వేసి చూసుకున్నానో నాకే తెలియదు, పిల్లలు ఇంటికెళ్ళాక.

తోట నిలిచింది. చుట్టుపక్కల తోటలన్నీ సగానికి సగం పోయాయి, మాది ఎర్రగా కాసింది. భూమి గలాయన మళ్ళీ మాకే ఇచ్చాడు. మా తోట నిలిచిన సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారు సంతోషంగా నా వైపు చూసి, "సునీతమ్మా, లేచి సాక్ష్యం చెప్పు తల్లీ. అంత కరువులో మీ తోట ఎట్టా నిలిచిందో అందరూ వినాలి" అన్నారు.

లేచాను. మైకు చేతికొచ్చింది. ఆడవాళ్ళ వైపు చాపల మీద అందరూ తెల్ల ముసుగులు సవరించుకుని నా వంక చూస్తున్నారు.

"నీళ్ళు లేవు..." అన్నాను. "నీళ్ళు వచ్చాయి."

"ఎవరిచ్చారు తల్లీ?" అన్నారు పాస్టర్ గారు. ఆ ప్రశ్నకి జవాబు అక్కడ అందరికీ తెలుసు, పసిపిల్లలతో సహా. నేనూ అనబోయాను. అది నిజం కావచ్చు, ప్రభువు ఎవరి చేత ఇప్పిస్తాడో మనకేం తెలుసు. కానీ ఆ ఈల, ఆ గొరగొర నా చెవిలో ఉంది. తెలియనిదాన్ని తెలుసని ఆ చోట నిలబడి ఎలా చెప్పను? మగవాళ్ళ వైపు మా ఆయన కోసం చూశాను. తల వంచుకుని తన అరచేయి చూసుకుంటున్నాడు.

నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. చర్చి మొత్తం ఒక్క గొంతుతో "దేవుడే!" అని, చప్పట్లు కొట్టింది. మేమిద్దరం మాత్రం అనలేదు.