నాలుగో గుంతకు నలబై ఐదు

మా ఆమె పోయినంక ఆమె ఫోటోకు ఫ్రేము నేనే చేస్త అన్న. నా బిడ్డకు కోపమొచ్చింది. "కండ్లు కనపడవు, కరెంటు రంపంతోని ఏం ఆటలు నాయినా? ఆ మిషన్ అమ్మేసి మా ఇంటికి రా" అన్నది. బిడ్డ ఇదే ఊర్ల, వర్లిల ఉంటది. నేను కామాఠిపురల ఈ ఒంటిగది ఖోలీలనే పుట్టిన, ఈడనే వడ్రంగం నేర్చుకున్న. నాకు మొండితనం ఎక్కువ. "ఫ్రేము మంచిగ కుదిరితే మళ్ల ఆ మాట అనొద్దు. కుదరకుంటే బట్టలు సర్దుకొని వస్త" అన్న. సరే అన్నది.

నాకు కండ్లు పోయి ఆరేండ్లు. అప్పటిసంది మూలలు కోసే మైటర్ సా మీద కోణం చూసి చెప్పే పని మా ఆమెదే. నేను బల్ల తిప్పుతుంటె, ఆమె "పంతాలీస్, ఆగు" అని నలబై ఐదు కాడ ఆపుతుండె. ఆమె పోయినంక ప్లగ్గు పీకేసి, ఆ మిషన్ను వేళ్లతోని మొత్తం తడిమి చూసిన. బల్ల తిరిగేకాడ అంచుకు చిన్న చిన్న గుంతలుంటయి. పిడి ఒక్కో గుంతల పడ్డప్పుడు టక్కుమంటది. నా మిషన్ల సున్నా నుంచి నాలుగో గుంత నలబై ఐదు. నాలుగు టక్కులు లెక్కపెట్టుకుంటే చాలు, ఎవ్వరి కండ్లూ అక్కరలేదు. ఈ సంగతి ఆరేండ్ల కిందనే తెలుసుకోవచ్చు. తెలుసుకోలే. ఆమె పక్కన నిలబడి చెప్తుంటే మంచిగుంటుండె, అంతే.

మొదటి ఫ్రేము పాడైంది. చెక్కలు కలిపి మూల మీద గోరు పెడితే గోరు లోపలికి దిగింది. లెక్క తప్పలే, మరి ఇదేందని తల పట్టుకున్న. మళ్ల తడిమితే నాలుగో గుంతల రంపపుపొట్టు గట్టిగ కూరుకపోయి ఉంది, పిడి పూర్తిగ దిగుతలేదు. మిషన్ కింద పాత పండ్లు తోమే బ్రష్షు ఒకటి దారంతోని కట్టి ఉంది. నేను కట్టలే. ఇన్నేండ్లు ఆ గుంతలు ఎవరు తోమిండ్రో అప్పుడు తెలిసింది. పని ఆపి, కూసోని ఏడ్చిన.

రెండో ఫ్రేముకు గోరు దిగలే. అద్దం పెట్టి, ఫోటో పెట్టి, వెనక కొక్కెం కొట్టి బుధవారం గోడకు తగిలించిన. పొద్దున ఒకసారి, పొద్దుమూకి ఒకసారి దండం పెట్టుకున్న. వచ్చేటోళ్లు పోయేటోళ్లు చూస్తరని తలుపు బార్లా తీసే పెట్టిన.

ఆదివారం బిడ్డ వచ్చింది. గడపలనే ఆగిపోయింది.

"నాయినా, అమ్మ తలకిందులున్నది."

అద్దం తుడిచేటప్పుడు ఫోటో తిరిగిపోయినట్టుంది, నేను చూసుకోకుండ కొక్కెం ఆమె కాళ్లదిక్కు కొట్టిన. నాలుగు రోజులు అట్లనే ఉంది. మా వరుసల పన్నెండు ఖోలీలు, అందరూ నా తలుపు ముందటినుంచే నల్లా కాడికి పోతరు. మునుపటోళ్లు శానమంది ఖాళీ చేసి పోయిండ్రు. ఉన్నోళ్లల్ల ఒక్కరు కూడ లోపలికి తల పెట్టి చూడలే. తప్పు చేసినందుకు సిగ్గు కాలే నాకు. అది చెప్పే మనిషే లేకపాయె.

బిడ్డ నవ్వుతదేమో అనుకున్న. నవ్వలే. కొక్కెం పీకి సరిగ్గ కొట్టి, మూలలన్నీ వేలితోని తడిమింది. "అతుకే తెలుస్తలేదు నాయినా. నువ్వే గెలిచినవ్. ఇగ రమ్మనను" అన్నది. చాయ్ తాగి, బస్సుకు యాళ్లయిందని చెప్పులేసుకున్నది.

ఇంకొక్కసారి రమ్మంటే ఆ పూటనే పోతుంటి. మాటంటే మాటే దానికి, నా పోలికనే. నన్ను తీసుకపో బిడ్డా అని నా నోట్లెకెళ్లి రాలే. మెట్లన్నీ దిగిపోయేదాక దాని చెప్పుల సప్పుడు విన్న.