వేళ్ళు నాకిన కోచ్

ఆ రోజుల్లో నన్ను మించిన మొనగాడు పల్నాడులో లేడని నా గట్టి అభిప్రాయం. (ఇప్పుడూ అదే అభిప్రాయం, కాకపోతే పైకి అనను.) ఎనిమిదేళ్ళు ఒక పెద్ద సంస్థ జట్టులో బేస్‌బాల్ ఆడి, ఆటకే జీతం తీసుకుని, భుజం చెడ్డాక సత్తెనపల్లి దగ్గర నేను చదివిన కాలేజీకే కోచ్‌గా వచ్చాను. జట్టులో నా పని బంతి విసరడం. మా వాళ్ళకి ఎంత చెప్పినా "అంటే బౌలింగేగా? మరి బంతి నేలకి తగలదేందిరా?" అనేవారు. ప్రిన్సిపాల్‌గారు ఇంకా సూటిగా, "శనివారం కాలేజీ కమిటీవాళ్ళొస్తారండీ, మీ ఆటేంటో చూపించండి. నచ్చిందా, మీరుంటారు. లేదంటే గ్రౌండు క్రికెట్‌వాళ్ళకిచ్చేస్తాం" అన్నారు. చెడిన భుజానికి ఇంకెవరూ ఉద్యోగం ఇవ్వరు.

అవి మిరప కోతల రోజులు. కళ్ళాలు చాలక రైతులు కాలేజీ గ్రౌండులో సగం దాకా కాయలు ఆరబోసుకోవడం మా ఊరి ఆనవాయితీ. వద్దనాలని ఏ ప్రిన్సిపాల్‌కీ తోచదు. శనివారం కమిటీ పెద్దలు షామియానా కింద కూర్చున్నారు. మా కెప్టెన్ బ్యాటు పట్టుకున్నాడు, బంతి నేనందుకున్నాను. మూడుసార్లు బంతి తప్పితే వాడు అవుట్. మొదటి బంతి, బ్యాటు తిప్పినా వాడికీ అందలేదు, వెనకున్న కుర్రాడికీ అందలేదు. తిన్నగా పోయి ఘాటైన తేజా మిరపకాయల్లో కూరుకుపోయింది. తవ్వి తెచ్చి ఇచ్చారు. పట్టు కోసం బంతిని అరచేతుల్లో బాగా రుద్దాను. తర్వాత, విసిరే ముందు ఎనిమిదేళ్ళుగా చేస్తున్నట్టే, రెండు వేళ్ళు నాలుకకి రాసుకున్నాను. ఆపైన అదే చేత్తో కళ్ళ మీది చెమట తుడుచుకున్నాను.

నోరూ కళ్ళూ భగ్గున మండిపోయాయి. అరుద్దామంటే గొంతు లేదు, చూద్దామంటే కళ్ళు లేవు. పక్కన కాయలకి తొడిమలు తీస్తున్న ఓ పెద్దమ్మ పరుగున వచ్చింది. "అయ్యో ప్రభువా! నీళ్ళు తాగమాకయ్యా, ఇంకా మండుద్ది! ఇదిగో, మజ్జిగ పుక్కిలించు" అని తన క్యారేజీలోంచి పోసింది. "ఏ ఊరయ్యా నీది?" అంది. "ఈ ఊరే" అన్నాను. ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "ఈ ఊరోడివయ్యుండి మిరపకాయ చెయ్యి నోట్లో పెట్టుకున్నావా!"

మంటకన్నా ఆ మాటకే ఎక్కువ అదిరిపడ్డాను. మా నాన్నది మిరప చేనే. నడక రాకముందే మా అమ్మ నేర్పిన పాఠం అది.

"ఏమండీ, ఆగిపోయారేం?" అని షామియానాలోంచి ప్రిన్సిపాల్‌గారి కేక. ఉద్యోగం పోతోందన్న భయంతో అంచనా మీద విసిరాను. చింతనిప్పుల్లాంటి నా కళ్ళు, బుసలు చూసి కెప్టెన్ జడుసుకుని, బంతి సగం దూరం రాకముందే బ్యాటు తిప్పేశాడు. మళ్ళీ విసిరాను, మళ్ళీ అంతే. అవుట్! కమిటీ పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "చూశారా ఆ రౌద్రం! ఆటంటే ప్రాణమండీ ఈయనకి, కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి! ఈయన్ని వదలకండి" అన్నాడు. నేను కాదనలేదు. (అనడానికి నాలుక తిరగలేదు కూడా.)

ఇప్పుడు ఆ పెద్దమ్మ కూతురే మా జట్టులో బంతి విసురుతుంది. విసిరే ముందు రెండు చేతులూ ప్యాంటుకి శుభ్రంగా తుడుచుకుని, నా వైపు తిరిగి నాలుక బయటపెట్టి చూపిస్తుంది. కోప్పడదామనుకుంటాను. ఈలోగా షామియానా ముందు ఏడుస్తూ నిలబడ్డ ఆ మొనగాడు గుర్తొచ్చి నాకే నవ్వొస్తుంది. వాడికి ఆటంతా తెలుసు పాపం, చెయ్యి కడుక్కోవడమే మర్చిపోయాడు.