మెక్సికో మసాలా, అత్తమ్మ చారు

మా పాప బడిలో రేపు దేశదేశాల వంటలు. తన వంతుకు మెక్సికో వచ్చింది. ఆ దేశపు మసాలా ఇంట్లోనే చేద్దామని పొద్దున నాంపల్లిలో మేమెప్పుడూ కొనే కిరాణా దుకాణానికి వెళ్లాను. జీలకర్ర, ధనియాలు, మిరియాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి దొరికాయి. పిజ్జా మీద చల్లే ఆ ఎండాకు, ఒరెగానో, అడిగితే దుకాణం పెద్దాయన డబ్బాలన్నీ చూసి, "గది లేదమ్మా. జర వాము తీస్కపోండి, అంతే ఘాటుంటది" అన్నాడు. సరేనని తెచ్చి, అన్నీ వేయించి, పొడి కొట్టి, సీసాలో పోసి ఆఫీసుకు పోయాను.

సాయంత్రం వచ్చేసరికి సీసా సగమైంది. జ్వరం తగ్గి నెలైనా నోటికి రుచి లేదంటూ రెండు ముద్దలకే లేచిపోయే మా అత్తమ్మ, ఆ పొడితో తనే చారు కాచుకుని, రెండోసారి అన్నంలో కలుపుకుంటోంది.

"గీ చారుపొడి ఎవరు నేర్పిన్రు నీకు? మా అమ్మ గిట్లనే వాము ఏసి చేస్తుండె" అంది.

"మెక్సికోవాళ్లు అత్తమ్మా" అన్నాను.

"ఏ ఊరోళ్లు?"

ఇంకో గరిటె చారు పోశాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ తింది. అది మిరియాల ఘాటో, వాళ్లమ్మ గుర్తొచ్చిందో అడగలేకపోయాను.

ఇప్పుడు పాప పెన్ను పట్టుకుని కూర్చుంది. సీసా మీద ఏ దేశం పేరు రాయమంటారు?