యాకూబ్ భాయ్ చేసిన బ్రేకు

పోయిన వారం ఖమ్మం బైపాస్ మీద సిగ్నల్ దగ్గర ఆగాం. నేను డ్రైవింగ్ నేర్పుతాను. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ ముందు కూర్చుంటే, పక్క సీట్లో నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు పెడల్ ఉంటుంది. ఆ రోజు నేర్చుకుంటున్న అమ్మాయి బ్రేకు తొక్కి పట్టుకుంది. నా పాదం ఊరికే రెండో పెడల్ మీద ఆని ఉంది. ఎర్ర లైటు వెలుగుతున్నంతసేపూ ఆ పెడల్ నా పాదం కింద కొద్దికొద్దిగా, బురదలో గుచ్చిన కర్రలా, దిగిపోతూనే ఉంది. కారు కదల్లేదు, అమ్మాయికి తెలియలేదు. నా పాదానికి మాత్రం తెలిసింది. బండి పక్కకు తీయించి తాళంచెవి జేబులో వేసుకున్నాను. "నేనేమన్నా తప్పు చేశానా సార్?" అంది పాపం. తప్పు ఆమెది కాదు. పెడల్ అలా దిగుతుంటే గుర్తుపట్టడం నా పాదానికి నేర్పిన మనిషి గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు, పిరికితనం.

ఆయన పేరు యాకూబ్. పినపాక దాటాక అడవి మొదలయ్యేచోట, రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని బండ్లు బాగుచేసేవాడు. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, మాట తక్కువ. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక సావుకారి దగ్గర పికప్ నడిపేవాణ్ణి. వారపు సంతలకు మనుషుల్నీ మిరపకాయల్నీ, ఎండాకాలం తునికాకు కట్టల్నీ మోసేది. ఆ బండి వయసులో నాకంటే రెండేళ్ళే చిన్నది. పెడల్ తొక్కితే నూనెను చక్రాలకు తోసే ఇనప గొట్టం ఒకటి డ్రైవర్ కాళ్ళ కింద ఉండేది. దాన్నే మాస్టర్ సిలిండర్ అంటాం. నాలుగు చక్రాలకూ అదొక్కటే దిక్కు. ఎక్కడ ఒక రబ్బరు తెగినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. అలాంటి బండితో అడవి దిగుడు రోడ్లలో తిరిగినవాడికి దేవుడి మీద భక్తి ఉన్నా లేకపోయినా, మెకానిక్ మీద ఉండి తీరాలి.

మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడు, బ్రేకు ఒకోసారి కిందికి పోతోందని చెప్పాను. ఆయన పానా ముట్టుకోలేదు.

"ఎన్నిసార్లు కొడితె గట్టిపడ్తది?"

"రెండుసార్లు."

"ఆయిల్ తగ్గుతున్నదా?"

"లేదు భాయ్."

చెప్పు విడిచి, బండెక్కి, ఉత్త పాదం పెడల్ మీద పెట్టాడు. పెదవులు కదుపుతూ కళ్ళు మూసుకున్నాడు. నమాజు చదువుతున్నాడనుకున్నాను. వంద లెక్కపెడుతున్నాడట. "గట్టిగ తొక్కితె ఖరాబ్ రబ్బరు గూడ మంచిదాని లెక్క నటిస్తది. మెల్లగ తొక్కి పట్టాలె. అప్పుడు దాని అసలు బుద్ధి బైటపడ్తది" అన్నాడు. తర్వాత బండి కింద పడుకుని నాలుగు చక్రాల వెనకా చేత్తో తడిమి చూశాడు. తడి లేదు. చక్రాలకు పోయే రబ్బరు పైపులను ఒక్కొక్కటే నొక్కి మూసి మళ్ళీ తొక్కాడు. అన్నీ మూసినా పెడల్ దిగుతూనే ఉంది. అంటే చక్రాల దగ్గర దోషం లేదు, నూనె బయటికీ పోవడం లేదు, మాస్టర్ లోపలే రబ్బరును తప్పించుకుని వెనక్కి జారుతోంది. ఇదంతా అయ్యాక గానీ పానా అడగలేదు. నన్ను ఎక్కించి నా పాదంతో కూడా వంద లెక్కపెట్టించాడు. ముప్పై దాటకముందే దిగుతోందన్నాను. "వీనికి కాలుంది" అన్నాడు, పక్కనున్న డ్రైవర్లతో. ఆయన నోట అంత మెచ్చుకోలు రావడం ఎవరూ వినలేదట. ఆ రోజునుంచీ నా కాలు నేలమీద ఆనలేదు.

ఆయనకో పట్టుదల ఉండేది. బ్రేకు పని చేశాక, షెడ్డుకు అరమైలు దూరంలో వాగు దిగుడుకు బండిని తనే తీసుకెళ్ళి, తనొక్కడే బండిలో కిందిదాకా దిగి చూసేవాడు. యజమానినైనా పక్కన కూర్చోనిచ్చేవాడు కాదు. ఎందుకని అడిగితే, "చెయ్యి వెట్టింది నేను. మొదలు నా పానమే పెట్టాలె గద" అనేవాడు. ఇంకో పట్టుదల, ఆయిల్ విషయంలో. ఒకసారి చర్ల వైపు నుంచి వచ్చిన డ్రైవర్ బ్రేకు డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోసుకుని వచ్చాడు. బ్రేకాయిల్ కాని నూనె ఏది తగిలినా లోపలి రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. యాకూబ్ భాయ్ అరవలేదు. బండి బాగుచేసి పంపిస్తూ, మళ్ళీ నా షెడ్డుకు రావద్దన్నాడు. అందరి ముందే అన్నాడు. తర్వాత మా వైపు తిరిగి, "ఆయిల్ లేకపోతె బండి అక్కడ్నే ఇడిచిపెట్టి నడిచి రాండ్రి. ఏ యాళ్ల అయినా నేనొస్త" అన్నాడు. ఆ డ్రైవర్ ముఖం నాకిప్పటికీ గుర్తే.

తర్వాతి చలికాలంలో, సంతనుంచి మనుషుల్ని లోపలి గూడెంలో దించడానికి పోయాను. తిరుగుప్రయాణానికి పదిమంది ఎక్కి కూర్చున్నారు. బ్రేకు చూస్తే నేలకంటుతోంది. ఒక పైపు మూతి దగ్గర కారి, డబ్బా సగానికి పైగా ఖాళీ అయింది. మూతి బిగించాను, కారడం ఆగింది. కానీ పోయడానికి ఆయిల్ లేదు. నడిచి పోతే షెడ్డు పది మైళ్ళు. ఒక ముసలమ్మ ఇంట్లోంచి సీసా తెచ్చింది. ఇప్పనూనె. చలికి నెయ్యిలా పేరుకుపోయి ఉంది. ఆమే పొయ్యి దగ్గర పెట్టి కరగబెట్టింది. "నూనె నూనెనే గద బిడ్డా, పొయ్" అంది. వాళ్ళకు కూరకూ దీపానికీ ఒంటికీ అదే. ఆమెకు తెలియక అంది. నాకు తెలిసీ పోశాను. పెడల్ లేచింది. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను.

మర్నాడు డబ్బాలో ఉన్నది గుడ్డతో అద్ది తీసేసి, కొత్త బ్రేకాయిల్ నింపాను. ఇంత నూనెకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఇరవై రోజులకు బ్రేకులు పట్టేసి వదలడం మానేశాయి. ఆ తర్వాత పెడల్ దిగడం మొదలైంది. షెడ్డుకు తీసుకెళ్ళక తప్పలేదు. యాకూబ్ భాయ్ మాస్టర్ విప్పి, రబ్బరును వేళ్ళమధ్య తిప్పి చూశాడు.

"ఇదేంది, గిట్ల ఉబ్బింది? ఏమన్న పోసినవా?"

గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, "నేనేం పోస్త భాయ్!" అన్నాను. అడక్కుండానే ఇంకో అబద్ధం కూడా చేర్చాను. "దసరాకు మా సావుకారి బండిని ఖమ్మం తీస్కపోయినప్పుడు అక్కడెవరో రబ్బర్లు మార్చిండు. అవి నకిలీవి కావచ్చు."

ఆయన ఆ రబ్బరును అరచేతిలో పెట్టి నాకు చూపించాడు. "ఆయిల్ ఖరాబైతె నాలుగు చక్రాలు విప్పాలె. పైపులు కడగాలె. రబ్బరన్నది ఒక్కటి ఉంచొద్దు. రెండు దినాలు పడ్తది. ఉత్త రబ్బరే నకిలీదైతె మాస్టర్ ఒక్కటి చాలు. సోంచాయించి చెప్పు."

నాకు చర్ల డ్రైవర్ ముఖం కనిపించింది. 'వీనికి కాలుంది' అన్న మాట పోతుందని భయం వేసింది. "రబ్బరే భాయ్" అన్నాను. "సరే, నువ్వు జెప్తున్నవ్ గద" అని మాస్టర్ ఒక్కటే మార్చాడు. వంద లెక్కపెట్టాడు. పెడల్ దిగలేదు.

మధ్యాహ్నం వాగు దిగుడుకు పోయాం. నన్ను పైన దించేశాడు. ఆ క్షణంలోనైనా చెప్పవచ్చు. నోరు తెరిచాను కూడా. "జల్దీ వస్త, ఈడ్నే ఉండు" అని బండి కదిలించాడు. మొదటి మలుపు దగ్గర బ్రేకు పట్టింది. మధ్యలో ఒకసారి వెనక బ్రేకు దీపం వెలిగింది, కానీ బండి వేగం తగ్గలేదు. విప్పని చక్రంలో ఉబ్బి మెత్తబడ్డ పాత రబ్బరు ఆ ఒత్తిడికి ఓర్చుకోలేకపోయింది. కింద వాగు దగ్గర నలుగురు ఆడవాళ్ళు కట్టెల మోపులతో ఎదురొస్తున్నారు. హ్యాండ్ బ్రేకు ఆ బండికి పేరుకే ఉంది. యాకూబ్ భాయ్ బండిని గట్టుకు కొట్టి ఆపాడు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి ఆయన కుడికాలు పెడళ్ళ మధ్య చిక్కుకుని ఉంది. "వాళ్లకేమన్న తగిలిందా?" అన్నాడు మొదట. తగల్లేదన్నాను. "పెడల్ మెత్తగ పోయింది సమ్మయ్యా. నేనెక్కడ్నో తప్పు చేసిన" అన్నాడు.

భద్రాచలం దవాఖానాలో కాలు తీసేయలేదు గానీ, మోకాలు వంగదన్నారు. అరికాలికి స్పర్శ పోయింది. ఎన్ని వందలు లెక్కపెట్టినా ఇక ఆ పాదానికి ఏ పెడల్ సంగతీ తెలియదు. అంతకంటే ఘోరం ఊళ్ళో జరిగింది. తను చేసిన బ్రేకుతో తనే పడ్డాడని, ముసలోడికి చూపు ఆనడం లేదని డ్రైవర్లు మణుగూరు మెకానిక్కుల దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. మా సావుకారి కూడా నాతో, "యాకూబ్ పని అయిపోయిందిర, ఇగ ఆడికి పోకు" అన్నాడు. నేను తల ఊపాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకోవడం ఒక ఎత్తు, ఆ తల ఊపడం ఒక ఎత్తు. దానికి నన్ను నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు.

రెండు నెలల తర్వాత ఒక్కసారి చూడటానికి వెళ్ళాను. షెడ్డులో బండ్లు లేవు. కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బండి తనే విప్పించి చూశానని చెప్పాడు. ఏం కనిపించిందో చెప్పలేదు. "సమ్మయ్యా, ఏమన్న చెప్పేదుందా?" అని అడిగాడు.

"ఏం లేదు భాయ్."

"సరే. చాయ్ తాగి పో."

తాగాను. ఆ ఏడాదే పినపాక వదిలి ఖమ్మం వచ్చేశాను.

ఏడేళ్ళ తర్వాత ఆయన పోయిన కబురు తెలిసింది. నలభయ్యో దినానికి వెళ్ళాను. భోజనాలయ్యాక, ఆయన భార్య, మేమంతా చాచీ అని పిలిచే ఆవిడ, వాకిట్లో అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె ముందు నేల మీద కూలబడి మొత్తం చెప్పేశాను. సీసా, ముసలమ్మ, అబద్ధం, అన్నీ. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"ఎరుకే బేటా" అంది. "చక్రం విప్పించిన దినమే వాసన చూసి చెప్పిండు, ఇప్పనూనె అని."

"మరి ఎవ్వరికీ ఎందుకు చెప్పలె చాచీ? పేరన్న దక్కేది గద?"

"నేనూ గట్లనే కొట్లాడిన. మనం చెప్తె వాని బతుకు పోతది, వాడే చెప్తె నిలబడ్తడు, వాడే వస్తడు అన్నడు." ఆమె కొంగుతో అరుగు మీది దుమ్ము తుడుస్తూ చెప్పింది. "మొదటి ఏడాది దినాం అడిగేటోడు, సమ్మయ్య వచ్చిండా అని. తర్వాత అడుగుడు బంద్ చేసిండు."

అక్కణ్ణుంచి నేరుగా పినపాక బండ్ల అడ్డాకు వెళ్ళాను. ఉన్న డ్రైవర్లందరినీ పిలిచి, ఆ రోజు దిగుట్లో తప్పు ఎవరిదో చెప్పాను. మర్యాదగానే విన్నారు. చివర్లో ఒకతను, "యాకూబ్ అంటె ఎవరన్నా?" అని అడిగాడు. పాతవాళ్ళు ఒక్కరూ లేరు. మా సావుకారి కూడా అప్పటికే పోయాడు. ఆయన పేరు పోగొట్టుకున్నది ఎవరి ముందో, వాళ్ళెవరూ మిగల్లేదు.

నా దగ్గర నేర్చుకునే ప్రతి ఒక్కరికీ మెల్లగా తొక్కి వంద లెక్కపెట్టమని చెబుతాను. అది ఆయన విద్య, సులువుగానే చేతికొచ్చింది. చెప్పాల్సిన ఒక్క వాక్యం మాత్రం ఆయన బతికుండగా నా నోట రాలేదు. మీరెవరూ ఆయన్ని చూడలేదు, అయినా మీకే చెబుతున్నాను. ఆ రోజు వాగు దిగుట్లో యాకూబ్ భాయ్ చేతిపనిలో ఏ తప్పూ లేదు. నూనె పోసింది నేను.